పాముచెవులాయన, పాత మోడెం

ఊళ్ళో ఆయనకున్న పేరు పాముచెవులాయన. పాముకి చెవులుండవన్న సంగతి ఆ పేరు పెట్టినవాళ్ళకి తెలియదు, తెలిసినవాళ్ళు ఆ సమయానికి అక్కడ లేరు. పేరు మాత్రం నిలిచిపోయింది. గేటు పక్కన పలక మీద అసలు పేరు పెద్ద అక్షరాలతో రాసి ఉన్నా, ఉత్తరాలు తెచ్చేవాళ్ళు కూడా పక్కింటి దగ్గర ఆగి "పాముచెవులాయన ఇల్లెక్కడండీ" అని అడిగి మరీ వస్తారు.

పేరు ఊరికే రాలేదు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పరీక్ష బల్ల దగ్గర ఆయన ఇరవై తొమ్మిదేళ్ళు కూర్చున్నాడు. చెడిపోయిందని ఫిర్యాదు వచ్చిన ప్రతి లైనునీ చెవికి ఆనించుకుని, గరగరమంటే తడి, పటపటమంటే వదులైన ముడి, ఏమీ అనకపోతే తెగిన తీగ అని కుర్చీలోంచి లేవకుండా తేల్చేసేవాడు. లైన్‌మన్లు స్తంభం ఎక్కి చూస్తే అదే నిజమయ్యేది. ఆ తర్వాత మోడెంల కాలం వచ్చింది. కంప్యూటరు చెప్పదల్చుకున్నదాన్ని కీచుమనే కూతలుగా మార్చి టెలిఫోను తీగలోకి పంపే పరికరం మోడెం. అవతల ఉన్న మోడెం ఆ కూతలు విని మళ్ళీ అంకెలూ అక్షరాలూ చేస్తుంది. రెండూ కలుసుకున్నప్పుడు మొదట పెట్టే గోలకి మామూలు మనుషులు చెవులు మూసుకునేవాళ్ళు. ఈయన కళ్ళు మూసుకునేవాడు. నాలుగు క్షణాలు విని, ఇది ఫలానా చిప్పు, ఇంత వేగం, డబ్బా మీద రాసింది అబద్ధం అనేవాడు. విప్పి చూస్తే డబ్బా మీద రాసింది అబద్ధమే అయ్యేది.

అలాంటి పాముచెవులాయనకి నాలుగేళ్ళుగా చెవులు వినపడటం లేదు.

ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవికి, ఎదురుగా నిలబడి నిదానంగా మాట్లాడితే, ఏదో కాస్త అందుతుంది. మిగతాది పెదవులు చూసి, మొహాలు చూసి, సందర్భం చూసి ఆయనే పూరించుకుంటాడు. డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. వెళ్తే చెవిలో పెట్టుకోమని ఒక మిషను చేతిలో పెడతాడు. పాముచెవులాయన చెవిలో మిషనా? ఇంకేమైనా ఉందా? ఉన్నదంతా పోయినా ఫరవాలేదు గానీ ఆ పేరు పోకూడదన్నది ఆయన పట్టుదల. నిజానికి ఆ పేరు తప్ప ఆయనకి పోవడానికి పెద్దగా ఏమీ లేదు కూడా. తన చెవులు వినపడవన్న సంగతి లోకంలో ఏ ఒక్కరికీ తెలియదని ఆయన గట్టి నమ్మకం.

విడ్డూరం ఏమిటంటే, చెవులు పోయాక ఆయన పరపతి పెరిగింది. పూర్వం ఎవరైనా నోరు తెరిస్తే సగంలో అందుకుని తప్పులు దిద్దే మనిషి. ఇప్పుడు ఎవరేం చెప్పినా రెప్ప వాల్చకుండా మొహంలోకి చూస్తాడు, తల పంకిస్తాడు, చివర్లో "చూద్దాం, అన్నీ సర్దుకుంటాయి" అంటాడు. అంత ఓపిగ్గా వినేవాణ్ణి ఎక్కడా చూడలేదని వీధి వీధంతా మెచ్చుకుంది. ఎదురింటి అత్తా, ఆవిడ కోడలూ ఎవరికి వారే వచ్చి ఒకరి మీద ఒకరు చాడీలు చెప్పుకుపోయారు. ఒక్క మాటైనా బయటికి పొక్కకపోయేసరికి ఇంత గుట్టైన మనిషి ఉండడని ఇద్దరూ తేల్చారు. అత్తాకోడళ్ళిద్దరూ ఒక మాట మీద నిలబడింది ఆ ఒక్క విషయంలోనే.

ఇక భార్య సంగతి. వయసు మీద పడేకొద్దీ ఆవిడకి తనంటే గౌరవం పెరిగిందని ఆయన లెక్క. పెళ్ళైన కొత్తలో ఏం కావాలన్నా వంటింట్లోంచే కేకలు పెట్టే మనిషి. ఇప్పుడలా కాదు. ఏ మాట చెప్పాలన్నా చేతులు తుడుచుకుని ముందుగదిలోకి వచ్చి, ఎదురుగా నిలబడి, మొహంలోకి చూస్తూ, ఒక్కొక్క మాటా విడదీసి చెప్తుంది. ఎంత మారిపోయిందో అని ఆయన లోలోపల మురిసిపోయేవాడు. మొగుడికి ఇలాంటి విషయాల్లో అనుమానం రాకపోవడం ఎక్కడైనా ఉన్నదే.

ఇలా సాగిపోతుండగా ఒక రోజు బావమరిది ఊడిపడ్డాడు. ఆవిడకి స్వయానా తమ్ముడు. నీటి సరఫరా ఆఫీసులో స్టోర్ కీపరు. వస్తూనే బావగారికి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు కాబట్టి సరిపోయింది.

"బావా, మా ఆఫీసు పరువు మీ చేతుల్లో ఉంది" అన్నాడు.

సంగతి ఏమిటంటే, నది పొడుగునా ఉన్న ఆరు పంపుహౌసుల్లో నీటిమట్టం చెప్పే పాతకాలం మిషన్లున్నాయి. వాటికి ఫోన్ చేస్తేనే పలుకుతాయి, అదీ మోడెంతో చేస్తేనే. వాటితో మాట్లాడే ఆఫీసు కంప్యూటరు వయసైపోయి కన్నుమూసింది. దాని స్థానంలో పై ఆఫీసువాళ్ళు ఇంకొకటి పంపారు, అందులో లైనక్స్ అనే సిస్టమ్ వేసి. అది అన్నీ చేస్తుంది, ఫోన్ మాత్రం చేయలేదు, అందులో మోడెం లేదు. వారం రోజులుగా నదిలో ఎంత నీరుందో ఆఫీసుకి తెలియదు. స్టోరు గది సొరుగులో వెతికితే రెండు పాత మోడెం కార్డులు దొరికాయి. ఏది పనికొస్తుందో, అసలు ఏది ఏమిటో ఎవరికీ అంతుపట్టలేదు.

"చిప్పు మీద పేరుంటుందిగా, చూసుకోండి" అన్నాడు పాముచెవులాయన.

"అక్కడే వచ్చింది చిక్కు" అని బావమరిది తల గోక్కున్నాడు. "స్టోరులో ఉన్న ప్రతి వస్తువు మీదా నంబరు చీటీ అంటించాలని రూలు. కనపడే చోట, చదునుగా ఉండే చోట అంటించాలి. కార్డు మీద చదునుగా ఉండేది ఆ పెద్ద చిప్పు ఒక్కటే. దాని పేరు మీదే అంటించాను."

"పీకెయ్."

"అమ్మో! చీటీ పీకితే ఆ వస్తువు స్టోరులో లేనట్టు లెక్క బావా. లేని వస్తువుని కంప్యూటర్లో ఎలా పెడతాం?"

"కంప్యూటరునే అడగండి మరి. ఏ కార్డో అదే చెప్తుంది."

"మా ఇంజనీరమ్మాయి అడిగింది. ఏదో ఉంది కానీ ఎవరిదో తెలీదు అందట. అందుకే నేను పెద్దసారుకి చెప్పాను. మా బావ నాలుగు క్షణాలు చెవి పెడితే చాలు, దాని జాతకమంతా చెప్పేస్తాడని. ఆయన మహా సంతోషించాడు. గురువారం పదకొండింటికి రమ్మన్నాడు. ఆఫీసంతా ఉంటుంది, అందరూ మిమ్మల్ని చూడాలంటున్నారు."

ఆవిడ టీ తెచ్చి తమ్ముడికి ఇచ్చి, భర్తకి ఎదురుగా వచ్చి నిలబడింది. "ఇప్పుడవన్నీ ఎందుకండీ? మోకాళ్ళ నొప్పులు పెట్టుకుని అంత దూరం ఏం వెళ్తారు? ఇంకెవరినైనా చూసుకోమనండి" అంది.

తప్పించుకోవడానికి ఇంతకంటే మంచి సాకు దొరకదు. కానీ ఆయనకి రోషం పొడుచుకొచ్చింది. "నేను మోకాళ్ళతో వింటానా?" అన్నాడు. ఆవిడ తమ్ముడి వంక ఒకసారి కొరకొర చూసి లోపలికి వెళ్ళిపోయింది.

గురువారం దాకా ఆయనకి అన్నం సయించలేదు. ఒప్పుకోవడం ఒప్పుకున్నాడు గానీ, అక్కడ ఆఫీసంతటి ముందు కార్డు కూస్తే తనకి వినపడదు. వినపడకపోతే ఏ పేరు చెప్తాడు? రాత్రంతా ఆలోచించి ఒక ఉపాయం పట్టుకున్నాడు. చూడగలిగిందంతా చూసి చెప్పేయడం, చూడలేని చోట శబ్దం చెవులు చిల్లులు పడేంత గట్టిగా పెట్టించడం.

ఆఫీసు పొడవాటి హాలు. రెండు వరసల బల్లలు, బల్లల మీద దారంతో కట్టిన ఫైళ్ళు, పైన ఒక్కొక్కటీ ఒక్కో వేగంతో తిరిగే పంకాలు. మూల బల్ల మీద కంప్యూటరు పక్కమూత ఊడదీసి ఉంది. దానిలోపలి ఫ్యాను అందరికంటే ఎక్కువ పనిచేస్తున్నట్టు గుంయ్‌మని తిరుగుతోందట. బావమరిది చెప్పబట్టి తెలిసింది.

ఇంజనీరమ్మాయి ఉద్యోగంలో చేరి రెండేళ్ళయింది. చురుకైన పిల్ల, మాట ఇంకా చురుకు. తెర వంక చూస్తూ గడగడా ఏదో చెప్పుకుపోతోంది. పెదవులు ఆడటం తప్ప ఆయనకి ఏమీ అందలేదు.

"అమ్మాయ్, పెద్దవాళ్ళతో మాట్లాడేటప్పుడు మొహం చూసి మాట్లాడాలి" అన్నాడు.

ఆ పిల్ల నాలిక్కరుచుకుంది. "సారీ బాబాయిగారూ" అని ఇటు తిరిగింది. పెద్దమనిషి పద్ధతంటే అదీ అని పక్క బల్ల గుమాస్తా తల ఊపాడు.

మొదటి కార్డు చేతికిచ్చారు. తిప్పి చూడగానే ఆయనకి ప్రాణం లేచొచ్చింది. చిన్నది, బోసిగా ఉంది, చిప్పులు రెండే. "ఇది సగం మోడెం" అన్నాడు. "చేయాల్సిన పనిలో సగం కంప్యూటరు నెత్తిన పడేసే రకం. ఆ సగం పని చేయడానికి వేరే ప్రోగ్రాం కావాలి. తయారుచేసినవాళ్ళు అది వేరే సిస్టమ్‌కి రాశారు గానీ లైనక్స్‌కి రాయలేదు. దీన్ని అందులో పెట్టి రోజంతా బతిమాలినా పలకదు. తీసి పక్కన పెట్టండి."

ఇంజనీరమ్మాయి కళ్ళు పెద్దవి చేసింది. వారం రోజులుగా తను బతిమాలింది ఆ కార్డునే. చెవి పెట్టకుండానే ఇంత చెప్పినవాడు చెవి పెడితే ఇంకెంత చెప్తాడో అని హాలంతా బల్లలు వదిలి దగ్గరికి జరిగింది. 

రెండోది పొడుగ్గా, నిండుగా ఉంది. నాలుగైదు చిప్పులు, అంచున గుండ్రటి చిన్న స్పీకరు, పెద్ద చిప్పు నడినెత్తిన బావమరిది అంటించిన చీటీ. "ఇది పూర్తి మోడెం. పనంతా తనే చేసుకుంటుంది. దీనికి ప్రోగ్రాంతో పనిలేదు, లైనక్స్ దీన్ని తీగ తగిలించే మామూలు సీరియల్ పోర్టు అనుకుంటుంది" అన్నాడు. కంప్యూటరు ఆపి, కార్డు దిగగొట్టి, టెలిఫోను తీగ తగిలించి మళ్ళీ వేశారు. ఆ పిల్ల నల్లటి తెర మీద ఏదో కొట్టింది. నిజంగానే నిన్నటిదాకా లేని పోర్టు ఒకటి కొత్తగా కనపడింది. దానికి ఏ, టీ అని రెండక్షరాలు పంపింది. కింద ఓకే అని పడింది.

"బతికే ఉంది!" అని బావమరిది చప్పట్లు కొట్టాడు.

ఎవరివమ్మా నువ్వు అని కార్డుని అడిగే మాట కూడా ఒకటుంది. అదీ పంపారు. కార్డు ఒక అంకె చెప్పి ఊరుకుంది. ఆ అంకె మూడు కంపెనీలవాళ్ళూ వాడుకున్నదే. ఇక ఫోన్ చేయించి, గొంతు వినాల్సిందే.

"పంపుహౌసుకి చేసేద్దామా బాబాయిగారూ?"

"కాదు. మొదట మా ఇంటికి."

ఇది ఆయన ఒక్కడి చాదస్తం కాదు. ఎక్స్ఛేంజిలో పరీక్ష బల్ల మీద కూర్చున్న ప్రతివాడూ బాగుచేసిన లైను మీద మొదటి ఫోను తన ఇంటికే చేసుకునేవాడు. పాడులైను మీద ఊళ్ళోవాళ్ళకి చేసి తిట్లు తినడం ఎందుకని. ఇరవై తొమ్మిదేళ్ళపాటు ఆయన రోజుకి పది, పదిహేనుసార్లు ఇంటికి ఫోన్ చేసి "వినిపిస్తోందా?" అన్నాడు. ఆవిడ "వినిపిస్తోంది, బాగుంది" అని పెట్టేసింది. పొయ్యి మీద కూర ఉన్నా, ఒంట్లో జ్వరం ఉన్నా మూడో గంటకల్లా ఎత్తింది. మిగతా భార్యాభర్తలు ఏమేమో మాట్లాడుకుంటే వీళ్ళ కాపురంలో ఎక్కువ భాగం ఆ రెండు మాటల మీదే నడిచిపోయింది.

"స్పీకరు శబ్దం ఎంతవరకు పెరుగుతుందో అంతా పెంచు. మధ్యలో ఆగకుండా పెట్టు" అని ఆయన కంప్యూటరు పక్కన ఒంగి, ఊడదీసిన చోట కుడి చెవి ఆనించి, కళ్ళు మూసుకున్నాడు.  ఇంజనీరమ్మాయి నంబరు కొట్టింది.

పాముచెవులాయనకి ఏమీ వినపడలేదు. హాల్లో ఉన్న మిగతా పదకొండుమందికీ శుభ్రంగా వినపడింది. ముందు లైను మోగింది, తర్వాత నంబరు తిరిగింది, గంట మోగింది, మూడో గంటకి అవతల ఎత్తారు. కార్డు కూయి కూయిమని పిలవడం మొదలుపెట్టింది. ఆ కూతల మధ్యలోంచి ఒక ఆడగొంతు, "హలో? హలో, ఎవరండీ?" అంది. కాసేపు చూసి పెట్టేసింది.

ఆయన కళ్ళు తెరిచాడు. "ఏమీ లేదు. మళ్ళీ చెయ్యి."

నిపుణుల వ్యవహారం కదా, ఇందులో ఏదో లోతుంది అనుకున్నారందరూ. రెండోసారి చేసింది. ఈసారి ఆ గొంతు రెండు కూతలు విని నవ్వింది. "ఓ, మీరా! వినిపిస్తోందండీ, బాగుంది" అని పెట్టేసింది.

"మా అక్కయ్య!" అన్నాడు బావమరిది, పక్కవాడి భుజం తట్టి.

"గొంతు లేదు దీనికి" అన్నాడు పాముచెవులాయన. "మళ్ళీ చెయ్యి."

బావమరిది నవ్వు మొహం మీదే ఆగిపోయింది. ఇంజనీరమ్మాయి ఏదో అనబోయి పెద్దసారు వంక చూసింది. పెద్దసారు పైన తిరిగే పంకా వంక చూశాడు. చేసేదిలేక మూడోసారి కొట్టింది.

ఈసారి ఆవిడ హలో అనలేదు.

"ఏవండీ, మీరేనని తెలుసు. మూడుసార్లు చేశారంటే నా మాట మీకు అందలేదన్నమాట" అంది. స్పీకరు ఉన్న బలమంతా పెట్టి హాలు నాలుగు మూలలకీ వినిపించింది. "సరే, మీ పక్కన ఎవరో ఒకళ్ళు ఉంటారుగా. బాబూ, అమ్మా, ఎవరైతే ఏం గానీ, ఫోను బాగానే ఉంది, నాకు వినిపిస్తోంది అని ఆయనకి కాస్త చెప్పండి. వెనకనుంచి పిలవకండి. ఎదురుగా వెళ్ళి నిలబడి, మొహంలోకి చూస్తూ, మాట మాటా విడదీసి చెప్పండి. అరవొద్దు, అరిస్తే ఆయనకి కోపం. ఇంకొకటి, నలుగురి ముందూ చెప్పకండి, పక్కకి పిలిచి చెప్పండి. తనకి వినపడదని ఎవరికీ తెలీదనుకుంటున్నారు. పాపం, చిన్నబుచ్చుకుంటారు."

ఫోను పెట్టేసిన చప్పుడు కూడా అందరికీ వినపడింది.

పాముచెవులాయన నడుం పట్టుకుని లేచి నిలబడ్డాడు. "చచ్చిపోయింది" అని తీర్పు చెప్పాడు. "ఓకే అంటుంది గానీ లోపల గొంతు కాలిపోయింది. ఒక్క కూత కూడా లేదు."

 అంతసేపూ స్పష్టంగా కూసిన కార్డు చచ్చిపోయిందని చెప్పిన మనిషికి, కాదని చెప్పడానికి పదకొండుమందిలో ఒక్కరికీ నోరు పెగల్లేదు. ఆవిడ నలుగురి ముందూ చెప్పొద్దంది, వాళ్ళేమో పదకొండుమంది. పెద్దసారు గొంతు సవరించుకుని, "అయ్యో, అలాగా" అన్నాడు. గుమాస్తా "నాకూ ఏమీ వినపడలేదు సార్" అన్నాడు. మిగతావాళ్ళు కూడా ఒక్కరొక్కరే తమకీ వినపడలేదని ఒప్పుకున్నారు. బావమరిది కళ్ళు చెమర్చాయి. "మీరు చెప్పాక ఇంక తిరుగేముంది బావా. రద్దు చేసేస్తాను" అని సొరుగులోంచి పనికిరాని వస్తువుల ఫారం తీసి, స్టోరు నంబరు రాసి, కారణం దగ్గర "గొంతు లేదు" అని నింపి, సంతకానికి ఇచ్చాడు. స్టోరులో ఉన్న ఒకే ఒక్క మంచి మోడెం మర్యాద కోసం చావబోతోంది. ఇంజనీరమ్మాయి మాత్రం ఏడవలేక నవ్వుతున్నట్టు కూర్చుంది. నది కబురు తెలియాల్సింది ఆ పిల్లకే.

ఆయన కలం తీసుకున్నాడు. ఒడ్డున పడ్డాననుకున్నాడు. కార్డే చచ్చిపోతే ఇక ఎవరూ చెవుల సంగతి అడగరు. సంతకం పెట్టబోతూ, తెర మీద ఇందాకటి ఫోన్లకి కార్డు ఏం జవాబిచ్చిందోనని అలవాటు కొద్దీ చూశాడు.

నో క్యారియర్ అని మూడుసార్లు ఉంది.

అవతల మోడెం పలకలేదని దాని అర్థం. అవతల ఉన్నది తన ఇల్లు, మోడెం పలకదు, అది సరే. కానీ కార్డుకి లైను శబ్దమే అందకపోతే నో డయల్‌టోన్ అని రావాలి. అది రాలేదు. అంటే కార్డు లైను తీసుకుంది, టోను విన్నది, నంబరు తిప్పింది, పిలిచింది. మూడుసార్లూ తన పని తను చేసింది. దానికి వినపడింది. వినపడనిది తనకి.

ఆయన తల ఎత్తి మొహాలు చూశాడు. నాలుగేళ్ళుగా చదువుతున్నది మొహాలనే కాబట్టి ఇందులో ఆయన్ని మించినవాడు లేడు. పెద్దసారు పంకా చూస్తున్నాడు. గుమాస్తా గోళ్ళు చూసుకుంటున్నాడు. బావమరిది ముక్కు ఎర్రబడింది. పదకొండు మొహాల మీదా ఒకటే రాసి ఉంది, అది జాలి. ఆయన చేతిలో కలం ఆగిపోయింది.

"అమ్మాయ్, మా ఆవిడ ఎత్తిందా?"

ఇంజనీరమ్మాయి కూర్చున్నచోటు నుంచి జవాబు చెప్పలేదు. లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, ఆయనకి ఎదురుగా నిలబడింది. మొహంలోకి చూస్తూ, ఒక్కొక్క మాటా విడదీసి, "ఎత్తారు, బాబాయిగారూ. మూడుసార్లూ, ఎత్తారు" అంది.

 ఈ నిలబడటం, ఈ చూపు, ఈ మాట విడదీయడం పాముచెవులాయనకి బాగా తెలుసు. నాలుగేళ్ళుగా రోజూ ఇంట్లో చూస్తున్నాడు.

"ఇలా నిలబడి చెప్పాలని నీకెవరు చెప్పారు?"

ఆ పిల్ల తలొంచుకుని మళ్ళీ గుర్తొచ్చి ఎత్తింది. "పిన్నిగారే చెప్పారండీ. ఇప్పుడే. స్పీకర్లో."

ఆయన దగ్గరున్న కుర్చీలో కూర్చున్నాడు. చెవులు వినపడవని పదకొండుమందికి తెలిసిపోయినందుకు ఎంత సిగ్గుపడాలో అంతా పడదామని సిద్ధమయ్యాడు గానీ, అది రాలేదు. దానికంటే ముందు ఇంకొకటి వచ్చి కూర్చుంది. ఆవిడకి తనంటే గౌరవమేమీ పెరగలేదు. ఆవిడకి మొదట్నుంచీ తెలుసు. తను నాలుగేళ్ళు కష్టపడి దాచానని మురిసిపోతుంటే, దాచింది ఆవిడ.

ఆయన ఫారం మీద బావమరిది రాసినదాన్ని అడ్డంగా కొట్టేశాడు. "ఇది బతికే ఉంది" అన్నాడు, హాలంతటికీ వినపడేలా. తనకి వినపడని గొంతు ఎంత పెద్దదో తెలియక మరీ గట్టిగా అన్నాడు. "నాకే వినపడలేదు. నాలుగేళ్ళుగా ఏమీ వినపడటం లేదు. పంపుహౌసుకి కొట్టమ్మా."

ఇంజనీరమ్మాయి కొట్టింది. ఈసారి అవతల మిషను పలికింది. రెండు మోడెంలూ కలిసి పెట్టిన గోలకి ఆఫీసంతా చెవులు మూసుకుంది. ఆయన చేతులు కట్టుకుని తెర చూస్తూ కూర్చున్నాడు. కనెక్ట్ అని పడింది. దాని కింద నీటిమట్టం అంకె వచ్చింది. హాలంతా కేకలు పెట్టింది, పెద్దసారు వచ్చి చెయ్యి కలిపాడు.

"ఇంతకీ అది ఏ చిప్పు బావా?" అని బావమరిది ఎదురుగా వచ్చి, అరవకుండా, విడదీసి అడిగాడు. నేర్చుకున్నాడు.

ఇంజనీరమ్మాయి నసిగింది. "లైనక్స్‌కి చిప్పు పేరుతో అసలు పనే లేదండీ. ఏ పోర్టో, ఎంత వేగమో చెప్తే చాలు. ఆ రెండూ ఓకే అన్నప్పుడే తెలిసిపోయాయి. మీరందరూ బాబాయిగారు వింటారు వింటారు అంటుంటే, చెప్పడం బాగుండదని ఊరుకున్నాను."

ఆయన ఇంటికి వచ్చేసరికి రెండు దాటింది. ఆవిడ గేటు దగ్గరే ఉంది. ఆయన్ని చూసి లోపలికి నడిచి, ముందుగదిలో ఆగి, ఇటు తిరిగింది.

"పనిచేసిందా?"

"చేసింది" అన్నాడు. తర్వాత ఆగకుండా అనేశాడు. "నాకు చెవులు వినపడవు. నాలుగేళ్ళయింది."

ఆవిడ ఆశ్చర్యపోయినట్టు నటించలేదు. తమ్ముడు ఫోన్ చేసి అంతా చెప్పే ఉంటాడు. ఆ నిబ్బరం చూసి ఆయనకి ఒళ్ళు మండింది. కోపమో, సిగ్గో, ఇంకేమో ఆయనకే తెలియదు.

"తెలిసీ నాలుగేళ్ళలో ఒక్క మాట అనలేదే?"

"రోజూ అన్నాను."

"ఎప్పుడు?"

"మీరు పొద్దున్నే నడకకి వెళ్తూ అటు తిరిగి చెప్పులేసుకుంటారే, అప్పుడు. మీ వెనక నిలబడి."

"ఏమని?"

ఆవిడ మొహం మీద ఆయన చదవగలిగిన మాట ఒక్కటి కూడా లేదు. పెదవులు మాత్రం అలవాటుగా నిదానంగా కదిలాయి. "వెళ్ళకండి, వెనకనుంచి లారీ వస్తే మీకు వినపడదు, నాకు భయంగా ఉంది అని. రోజూ అదే అనేదాన్ని. మీరు వెళ్ళిపోయేవారు."

"ఎదురుగా నిలబడి చెప్పొచ్చుగా?"

"చెప్తే, నాకు తెలుసని మీకు తెలిసిపోయేది."

 నాలుగేళ్ళ పొద్దులన్నీ ఒకేసారి ఆయన కళ్ళముందుకొచ్చాయి. రోజూ తను ఈల వేసుకుంటూ గేటు దాటడం, వీధి మలుపులో నడిరోడ్డున నడవడం, వెనకనుంచి బళ్ళు తప్పుకుంటూ పోతుంటే అందరూ తనకి దారిస్తున్నారనుకోవడం గుర్తొచ్చాయి. ఆవిడకి భయమేసిన ప్రతి పొద్దూ ఆవిడ మాట ఆయన వీపుకి తగిలి కిందపడింది.

ఆయన చెప్పులు విప్పి, కుర్చీ ఒకటి లాగి ఆవిడని కూర్చోబెట్టి, ఇంకొకటి దానికి ఎదురుగా వేసుకుని కూర్చున్నాడు.

"మళ్ళీ చెప్పు" అన్నాడు.

ఆవిడ మొదట్నుంచీ చెప్పింది.